పందికన్ను నుంచి సెయింట్ పాల్ దాకా

జంట నగరాలు అనగానే మనవాళ్ళకి హైదరాబాదు, సికింద్రాబాదు గుర్తొస్తాయి. అమెరికా వెళ్ళినవాళ్ళకి ఇంకో జంట కూడా తెలుసు: మిన్నెసోటా రాష్ట్రంలో, మిసిసిపి ఒడ్డున పక్కపక్కనే ఉన్న మినియాపొలిస్, సెయింట్ పాల్. ప్రాజెక్టు అక్కడ అనగానే "అబ్బో, చలి" అని భయపెట్టేవాళ్ళు ఆఫీసుకి ఒకరైనా ఉంటారు. ఆ చలి సంగతి తర్వాత, పేర్ల సంగతి చూద్దాం.

సికింద్రాబాదు పేరు నిజాం సికందర్ జా నుంచి వచ్చింది, 1806లో. రాజుగారి పేరు ఊరికి పెట్టడం లోకరీతి, అందులో వింతేమీ లేదు. మినియాపొలిస్ పేరు 1852లో ఒక బడిపంతులు కల్పించాడు. ఆయన పేరు చార్లెస్ హోగ్. డకోటా భాషలో నీళ్ళని "మ్ని" అంటారు, గ్రీకులో ఊరు "పోలిస్". రెండూ అతికించేశాడు. మన అష్టావధానులు సంతోషించే రకం సమాసం. సెయింట్ పాల్ పేరు వెనక మాత్రం రాజూ లేడు, పండితుడూ లేడు. 25 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న ఒక దుంగల గుడిసె ఉంది. లెక్కేస్తే 450 చదరపు అడుగులు. కొత్తగా ఆన్‌సైట్ వెళ్ళిన కుర్రాళ్ళు నలుగురు కలిసి అద్దెకు తీసుకునే సింగిల్ బెడ్‌రూం అపార్ట్‌మెంటు కూడా దీనికన్నా పెద్దదే. ఇవాళ మూడు లక్షల జనం ఉన్న రాష్ట్ర రాజధానికి ఆ గుడిసె పేరు మిగిలింది, గుడిసె మాత్రం మిగల్లేదు. మధ్యలో ఏం జరిగిందన్నదే ఈ కథ.

అసలు కథ కాగితాలు లేనివాళ్ళతో మొదలవుతుంది. మిసిసిపి నదిలో మిన్నెసోటా నది కలిసేచోటు డకోటా జనానికి చాలా పవిత్రమైనది. దాన్ని "బ్డోటే" అంటారు, అంటే నీళ్ళు కలిసేచోటు. మన త్రివేణీ సంగమం లాంటిదనుకోండి. 1805లో జెబులాన్ పైక్ అనే సైనికాధికారి అక్కడ కొంత భూమి రాయించుకున్నాడు. 1819లో సైన్యం దిగింది, తర్వాత ఆరేళ్ళలో రాతికోట లేచింది. దాని పేరే ఫోర్ట్ స్నెల్లింగ్. చుట్టుపక్కల ఉన్నదల్లా డకోటా పల్లెలు, బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే కంపెనీ మనుషులు, ఎముకలు కొరికే చలి.

ఆ కోట పక్కకి మెల్లగా వలసజనం చేరారు. వీళ్ళు ఎక్కడివాళ్ళంటే, ఉత్తరాన కెనడా వైపు రెడ్ రివర్ దగ్గర లార్డ్ సెల్‌కిర్క్ అనే స్కాట్లండ్ ప్రభువు 1812లో పెట్టిన కాలనీ వాళ్ళు. స్విస్సులు, ఫ్రెంచి కెనడియన్లు, ఫ్రెంచి తండ్రులకీ ఆదివాసీ తల్లులకీ పుట్టిన మెటీలు. అక్కడ మిడతలు పంటలు తినేశాయి. 1826లో వరద కాలనీని ముంచేసింది. బతకలేక ఎడ్లబళ్ళ మీద వందల మైళ్ళు దక్షిణానికి వచ్చి, కోట నీడలో గుడిసెలు వేసుకున్నారు. ఆవుల్ని పెంచుతూ, కూరగాయలు పండిస్తూ, కోటకి అమ్ముకుంటూ బతికారు. కోటవాళ్ళకీ అది బానే ఉంది కాబట్టి చూసీ చూడనట్టు వదిలేశారు. కానీ ఎవరికీ పట్టా లేదు. అది సైన్యం భూమి, లేదా డకోటా భూమి. వీళ్ళది మాత్రం కాదు.

ఈ జనంలో ఒక నమూనా ఉన్నాడు. పేరు పియేర్ పారాంట్. బొచ్చు వ్యాపారంలో పనిచేసి, వయసు మళ్ళాక సారా అమ్మకంలోకి దిగాడు. ఒక కన్ను పోయింది, ఉన్న రెండో కన్ను చూస్తే పంది కన్ను గుర్తొచ్చేదని అతనికి "పందికన్ను" అని పేరు పెట్టేశారు. 1838లో నది పక్కన ఫౌంటెన్ కేవ్ అనే గుహ దగ్గర పాక వేసి దుకాణం తెరిచాడు. గుహలోంచి వచ్చే చల్లటి నీళ్ళు, చాటుమాటు స్థలం, తాగడానికి ఎగబడే సైనికులు. ఇంక వ్యాపారానికేం కావాలి?

తర్వాత పారాంట్ ఇంకొంచెం దిగువకి, పడవలు ఆగే రేవు దగ్గరికి మకాం మార్చాడు. 1839లో అతని కొట్టులో కూచుని ఎడ్మండ్ బ్రిసెట్ అనే అతను ఒక ఉత్తరం రాశాడట. జవాబు రావాలంటే కింద ఊరి పేరు రాయాలి కదా. ఊరికి పేరే లేదు. ఏం రాయాలో తోచక ఎదురుగా కనపడుతున్న మనిషిని చూసి "పందికన్ను" అని రాసి పడేశాడు. జవాబు ఆ చిరునామాకే భద్రంగా వచ్చింది! అంతే, ఊరి పేరు పందికన్ను. మనం టెస్టింగ్ కోసం డేటాబేసుకి "టెంప్1" అని పేరు పెడితే, పదేళ్ళ తర్వాత అదే ప్రొడక్షన్‌లో నడుస్తూ ఉంటుంది చూడండి, అచ్చం అలాగే. ఎవరూ నిర్ణయించలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. ఒకడు వాడాడు, రెండోవాడికి అర్థమయింది, మూడోవాడు దాన్ని పట్టుకుని వచ్చేశాడు.

ఇంతలో కోటలో ఓపిక అయిపోయింది. సైనికులు తాగి పడిపోతున్నారు, చలికాలం మంచులో పడితే లేవటం లేదు. మేజర్ జోసెఫ్ ప్లింప్టన్ అనే అధికారి సైనిక రిజర్వేషను సరిహద్దుని నది తూర్పు ఒడ్డుకి కూడా జరిపించాడు. మ్యాపు మీద గీత జరిగితే నిన్నటిదాకా గీత బయట ఉన్నవాడు ఇవాళ లోపల ఉంటాడు. 1840 మే నెలలో సైనికులు వచ్చి గుడిసెలు పడగొట్టారు. సారా అమ్మినవాడికీ, ఆవుపాలు అమ్మినవాడికీ తేడా ఏమీ చూపించలేదు. రెడ్ రివర్ నుంచి ఒకసారి లేచి వచ్చినవాళ్ళు రెండోసారి మూటాముల్లె సర్దుకుని, కొత్త గీత దాటి, నది దిగువకి పారాంట్ కొట్టున్న రేవు వైపుకే వెళ్ళారు. సెయింట్ పాల్ నగరానికి మూలపురుషులు ఎవరయ్యా అంటే వీళ్ళే. వీసా స్టాంపింగుకి వెళ్ళిన ప్రతిసారీ కడుపులో దడ పుట్టే మనలాంటి వాళ్ళకి వీళ్ళని చూస్తే కొంచెం దగ్గరితనం అనిపించడంలో తప్పులేదు. గీతలు మనం గీయం, ఎప్పుడు జరుగుతాయో మనకి చెప్పరు.

సరిగ్గా ఆ వసంతంలోనే, అంటే 1840 ఏప్రిల్ 26న, ఒక కుర్ర ఫాదరీ పడవ దిగాడు. లూసియన్ గాల్టియర్. దక్షిణ ఫ్రాన్సువాడు, వయసు ముప్ఫై లోపు. అంతకు ముందు ఏడాది డ్యుబ్యూక్ బిషప్ మథయాస్ లొరాస్ ఇటు వచ్చి చూసి, కోట చుట్టుపక్కల క్యాథలిక్కులు చాలామందే ఉన్నారు గానీ వాళ్ళకి ఫాదరీ లేడని తెలుసుకున్నాడు. ఆ ఏడాది జనవరిలోనే గురుత్వం పుచ్చుకున్న గాల్టియర్‌ని పడవ ఎక్కించి పంపేశాడు. మన భాషలో చెప్పాలంటే ఫ్రెషర్‌ని తీసుకెళ్ళి, కేటీ ఇవ్వకుండా, టీం లేకుండా, ఒంటరిగా క్లయింటు సైట్లో పడేయడం. ఊరు ఉంటుందనుకుని వచ్చినవాడికి కోటా, నది అవతల నాలుగు ఇళ్ళూ కనపడ్డాయి. ఆ అవతలి ఒడ్డు ఊరిని అప్పట్లో సెయింట్ పీటర్స్ అనేవాళ్ళు, ఇవాళ మెండోటా అంటారు. అక్కడే మకాం పెట్టాడు.

అతను వచ్చిన రెండు వారాలకే గుడిసెలు పడగొట్టారు. తన జనం సగం మంది నది దిగువకి పోయారు. కాబట్టి అక్కడ కూడా ఒక గుడి కావాలి. ఎక్కడ కట్టాలి? ఈ విషయం మీద గాల్టియర్ 1864లో బిషప్ గ్రేస్‌కి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. చదివితే మంచి ఆర్కిటెక్టు రాసిన డిజైన్ నోటు లాగా ఉంటుంది. మూడు చోట్లు చూశాడు. ఒకటి బాగా దిగువన ఉన్న పల్లపు నేల. అక్కడ వరద భయం. రెండోది బాగా ఎగువన. అక్కడ జనానికి దూరం, అనుకూలంగా లేదు. మూడోది మధ్యలో, నది మీదికి చూసే గట్టు. వరద అందదు, కింద పడవలు ఆగడానికి వీలు, అందరికీ సమాన దూరం. మూడోదే ఖాయం చేశాడు. ఇవాళ సెయింట్ పాల్ డౌన్‌టౌన్ ఆ గట్టు మీదే ఉంది. అంటే ఆ కుర్రాడు ఊరికి పేరు ఒక్కటే కాదు, చోటు కూడా ఎంచాడు.

ఆ చోటు ఇద్దరు రైతులది: విటాల్ గెరిన్, బెంజమిన్ జెర్వే. ఇద్దరూ పక్కపక్క భూముల్లోంచి గుడికి, శ్మశానానికి, చిన్న తోటకి సరిపడా చోటు ఊరికే ఇచ్చేశారు. ఇక్కడో తమాషా. జెర్వే స్థలం పారాంట్ దగ్గర 10 డాలర్లకి కొన్నదేనని పాత చరిత్రకారులు రాశారు. అంటే సారా కొట్టువాడి నేల, గుడి నేల పక్కపక్కనే అన్నమాట. ఇంకో తమాషా ఏమిటంటే, భూమి దానం చేసిన ఇద్దరికీ ఆ భూమి మీద చట్టప్రకారం హక్కు లేదు. 1837 ఒప్పందాలతో మిసిసిపికి తూర్పున ఉన్న నేలని డకోటా, ఒజిబ్వే జనాల నుంచి ప్రభుత్వం తీసుకుంది గానీ, అమ్మకానికి పెట్టింది మాత్రం 1848లో. సెయింట్ క్రోయ్ ఫాల్స్‌లో జరిగిన వేలంపాటలో ఊరివాళ్ళందరి తరఫున హెన్రీ సిబ్లీ ఎకరం 1.25 డాలర్ల చొప్పున పాడాడు. ఇంకెవడైనా ఎక్కువ పాడతాడేమోనని ఊరివాళ్ళు దుడ్డుకర్రలతో అతని చుట్టూ నిలబడ్డారని చెప్తారు. ఏడేళ్ళ ముందే దానమిచ్చిన భూమికి అప్పుడు పట్టా వచ్చింది.

కట్టుబడి సంగతి. 1841 అక్టోబరులో ఎనిమిదిమంది ఊరివాళ్ళు పనిలోకి దిగారు. లాబిసోనియేర్ తండ్రీకొడుకులు, జెర్వేలు ఇద్దరు, బాటినో అన్నదమ్ములు, మోరాన్, గెరిన్. మేస్త్రీ లేడు, కూలీ లేదు. చుట్టుపక్కల అడవిలోంచి ఓక్ దుంగలు కొట్టారు. మేకులు లేవు కాబట్టి చెక్క సీలలతో బిగించారు. పైకప్పుకి స్టిల్‌వాటర్ రంపపుమిల్లు నుంచి వచ్చిన బెరడు చెక్కలు. దక్షిణాన నది వైపు గుమ్మం. కొన్ని రోజుల్లో అయిపోయింది. యేసు పుట్టిన పశువులపాకని గుర్తుచేసేంత బీదగా ఉందని గాల్టియర్ తనే రాసుకున్నాడు. 1841 నవంబరు 1న దీవించి, సెయింట్ పాల్ పేరు పెట్టాడు.

ఆ పేరే ఎందుకు? దానికీ ఆయన కారణాలు రాశాడు. నది ఎగువన సెయింట్ పీటర్స్ ఉంది. పీటర్ ఉన్నచోట పాల్ ఉండాలి, ఇద్దరూ జంట. (రాముడికి లక్ష్మణుడిలాగా అనుకోండి.) పాల్ యూదులు కాని జాతులకి బోధించినవాడు, ఈ అడవిలో తన పనీ అలాంటిదే అని అతని భావన. చివరిది నాకు బాగా నచ్చిన కారణం: పేరు చిన్నది, ఒక్క అక్షరంలో పలుకుతుంది, క్రైస్తవుల్లో అన్ని శాఖల వాళ్ళకీ అర్థమవుతుంది. నేమింగ్ కన్వెన్షన్ మీద మనం గంటలు గంటలు మీటింగులు పెట్టి సాధించలేనిది అతను ఒంటరిగా సాధించాడు. పొట్టిగా ఉండాలి, పక్కదానికి పొంతన కుదరాలి, ఎవరికీ అభ్యంతరం ఉండకూడదు.

కానీ గుడికి పేరు పెడితే ఊరికి పేరు రాదు. పందికన్ను అప్పటికే చెలామణిలో ఉంది. దాన్ని మార్చడానికి గాల్టియర్ ఉపన్యాసాలు ఇవ్వలేదు, ఎవరికీ అర్జీ పెట్టలేదు. తన కాగితాల్లో వాడాడు, అంతే. విటాల్ గెరిన్‌కి పెళ్ళి కుదిరితే గుళ్ళో చదివే పెళ్ళి ప్రకటనలో అతన్ని "సెయింట్ పాల్ నివాసి" అని చదివాడు. 1842లో హెన్రీ జాక్సన్ అనే అతను వచ్చి అక్కడ కొట్టు పెట్టాడు. కొట్టు ఉంటే సరుకు దించడానికి పడవ ఆగుతుంది. పడవవాళ్ళు సెయింట్ పాల్ రేవు అనడం మొదలుపెట్టారు. తర్వాత రేవు రాలిపోయి సెయింట్ పాల్ మిగిలింది. 1846లో ఆ పేరుతోనే పోస్టాఫీసు వచ్చింది, ఆ జాక్సనే పోస్టుమాస్టరు. పోస్టాఫీసు వచ్చిందంటే డీఎన్ఎస్‌లో ఎంట్రీ పడ్డట్టే. ఇంక మార్చాలంటే బ్రహ్మతరం కాదు. 1849లో మిన్నెసోటా టెరిటరీ ఏర్పడి ఊరు రాజధాని అయింది, 1854లో నగరం హోదా వచ్చింది. ఆ మధ్య స్థానిక పత్రికాధిపతి జేమ్స్ గుడ్‌హ్యూ 1850 కొత్త సంవత్సరానికి, సౌలు మారి పాల్ అయినట్టే పందికన్ను కూడా మారింది అని చమత్కారంగా పద్యం కట్టాడు.

ఇక్కడ నాకు తోచినది ఒకటుంది. ఈ కథని అందరూ సారా వర్సెస్ గుడి అని చెప్తారు. చెడ్డ పేరు పోయి మంచి పేరు వచ్చింది, తాగుబోతు ఓడాడు, ఫాదరీ గెలిచాడు. వినడానికి బావుంటుంది, హరికథలో పిట్టకథ లాగా. కానీ రెండు పేర్లూ ఎలా పుట్టాయో చూడండి. ఒకటి ఉత్తరం మీద చిరునామా, రెండోది పెళ్ళి కాగితం మీద చిరునామా. రెండింటికీ గుణంలో తేడా ఉందేమో గానీ పద్ధతిలో తేడా లేదు. ఎవరి దగ్గర కలం ఉందో, ఎవరి కాగితం ఎక్కువ చేతులు మారిందో, వాళ్ళ పేరు నిలిచింది. బ్రిసెట్ ఒక్క ఉత్తరం రాశాడు. గాల్టియర్ పెళ్ళిళ్ళు, నామకరణాలు, చావులు అన్నీ రాశాడు. పుస్తకం అతనిది.

అలా చూస్తే కలం లేనివాళ్ళ సంగతేమిటి అన్న ప్రశ్న వస్తుంది. నాకు ఈ కథలో అసలు గుచ్చుకునేది అది. ఆ గట్టుకి గాల్టియర్ రాకముందే పేరుంది. డకోటా జనం దాన్ని "ఇమ్నిజా స్కా" అంటారు, అంటే తెల్లరాయి, నది పక్కన తెల్లగా మెరిసే ఇసుకరాతి కొండచరియల్ని చూసి పెట్టిన పేరు. కొంచెం దిగువన కపోసియా అని వాళ్ళ పెద్ద పల్లె ఉండేది. "ఊరికి పేరు లేదు, అందుకని పందికన్ను అని రాశాడు" అని ఇందాక నేను చెప్పిన వాక్యం బ్రిసెట్ కళ్ళతో నిజం. డకోటా కళ్ళతో చూస్తే ఊరికి పేరుంది, అతనికి తెలీదు. 1851 ఒప్పందాల్లో వాళ్ళ మిగతా భూమీ పోయింది. 1862లో ఇస్తామన్న డబ్బూ తిండీ అందక ఆకలితో యుద్ధం వచ్చింది. అది అయ్యాక డిసెంబరు 26న మంకేటోలో 38 మంది డకోటాలని ఒకేసారి ఉరితీశారు. ఇంచుమించు 1,600 మందిని, ఎక్కువగా ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ, ఆ చలికాలమంతా ఫోర్ట్ స్నెల్లింగ్ కింద, ఆ పవిత్ర సంగమం దగ్గరే దడి కట్టి పెట్టారు. చాలామంది చచ్చిపోయారు. ఆ యుద్ధంలో సైన్యాన్ని నడిపింది ఎవరనుకున్నారు? వేలంపాటలో ఊరి తరఫున పాడిన హెన్రీ సిబ్లీయే. రెండుసార్లు వెళ్ళగొట్టబడిన బీదవాళ్ళకి మేలు చేసిన చెయ్యే ఇంకో జనాన్ని పూర్తిగా వెళ్ళగొట్టింది. ఒకే మనిషి, ఒకే చరిత్ర. హీరో, విలన్ అని రెండు ఫోల్డర్లలో సర్దడం కుదరదు.

ఇంక ఆ గుడి ఏమయింది? జనం పెరిగి 1847లో కొంచెం పొడిగించారు. 1851లో సెయింట్ పాల్‌కి బిషప్ వచ్చాడు, జోసెఫ్ క్రెటిన్. అంటే ఆ దుంగల గుడిసె కొన్ని నెలలపాటు కేథడ్రల్! అదే ఏడాది ఇటుకల భవనం లేచింది, కారోండెలెట్ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు వచ్చి ఆ గుడిసెలో ఆడపిల్లల బడి పెట్టారు. గుడి బడి అయింది. 1850ల మధ్యలో విప్పేశారు. విప్పినప్పుడు పారెయ్యలేదు. ఏ దుంగ ఎక్కడిదో తెలిసేలా అంకెలు వేసి, మళ్ళీ నిలబెడదామని సిస్టర్ల కొత్త బడి స్థలానికి తోలించారు. అంకెలు వేసినవాళ్ళు ఎటో పోయారు. కొన్నేళ్ళకి అక్కడ కట్టుబడి పనికొచ్చిన కూలీలకి ఆ అంకెల అర్థం తెలీదు. చలి కాచుకోడానికీ, కాఫీ కాచుకోడానికీ దుంగల్ని పొయ్యిలో పెట్టేశారని చెప్తారు. డాక్యుమెంటేషన్ ఉంది, హ్యాండోవర్ లేదు. ఐటీలో ఉన్నవాడికి ఇంతకన్నా వివరించక్కర్లేదు :) నేనైతే ఆ కూలీలని తప్పుపట్టను. మిన్నెసోటా చలిలో దుంగ కనపడితే ఎవడైనా చేసేది అదే. 1841లో ఆ దుంగల్ని మోసినవాళ్ళూ అలాంటి మనుషులే.

గాల్టియర్ అప్పటికే ఎప్పుడో వెళ్ళిపోయాడు. 1844లో అయోవాకి బదిలీ, తర్వాత కొన్నాళ్ళు ఫ్రాన్సు, మళ్ళీ వచ్చి విస్కాన్సిన్‌లో ప్రేరీ డు షీన్ అనే చోట ఫాదరీ. 1866లో అక్కడే పోయాడు, అక్కడే సమాధి. భూమి ఇచ్చిన గెరిన్ తర్వాత కోర్టు కట్టడానికి కూడా భూమి ఇచ్చాడు. అతని పొలం నడిబొడ్డున నగరం లేచింది. కోటీశ్వరుడు కావలసినవాడు, 1870లో పోయేసరికి పెద్దగా ఏమీ మిగల్లేదు. పారాంట్ ఊరు వదిలి ఉత్తరానికి వెళ్తూ దారిలో పోయాడంటారు, సమాధి ఎక్కడో కూడా ఎవరికీ తెలీదు. అతని గుహని 1960లో రోడ్డు కోసం పూడ్చేశారు.

కానీ మ్యాపు తీసి చూడండి, అందరూ ఉన్నారు. గాల్టియర్ స్ట్రీట్ ఉంది. క్రెటిన్ అవెన్యూ ఉంది. జాక్సన్ స్ట్రీట్ ఉంది. పందికన్ను సరస్సు కూడా ఉంది, ఇప్పటికీ అధికారికంగా అదే పేరు. ఆ కాలపు ఇంకో వలసదారు జోసెఫ్ రొండో పేరు మీద ఒక వీధి, ఆ వీధి పేరు మీద ఒక పేట. తర్వాత తరాల్లో ఆ రొండో సెయింట్ పాల్ నల్లజాతివాళ్ళ పేట అయింది. 1950ల చివర్లో, 1960లలో ఐ-94 హైవే దాని గుండె మీంచి వేశారు, వందల ఇళ్ళు పోయాయి. 2015లో నగర మేయరు దానికి బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. రోజూ ఆ హైవే మీద జంట నగరాల మధ్య తిరిగే మన తెలుగువాళ్ళు ఎంతమందో. కోట సరిహద్దు జరిపి గుడిసెలు పడగొట్టిన 1840 నాటి గీతకీ, ఈ హైవే గీతకీ పెద్ద తేడా ఏముంది?

మన వాళ్ళకి ఇంకో ముడి కూడా ఉంది. ఆ గుడి కట్టిన ఎనిమిదిమందిలో పియేర్ బాటినో ఉన్నాడని చెప్పాను కదా. తల్లి వైపు ఒజిబ్వే, తండ్రి వైపు ఫ్రెంచి, దారులన్నీ తెలిసిన పేరుమోసిన గైడు. అతను 1850లలో మినియాపొలిస్‌కి వాయవ్యంగా ఉన్న మైదానంలో ఇల్లు వేసుకున్నాడు. దాన్ని బాటినో ప్రేరీ అనేవాళ్ళు. ఇవాళ అది ఆసియో, మేపుల్ గ్రోవ్ ఊళ్ళు. మిన్నెసోటాలో మనవాళ్ళు పండక్కీ పబ్బానికీ వెళ్ళే పెద్ద హిందూ దేవాలయం 2006 నుంచి ఆ మేపుల్ గ్రోవ్‌లోనే ఉంది. 1841లో ఒక వలస గుడికి దుంగలెత్తినవాడు మొదట కాపురం పెట్టిన నేలలోనే ఇంకో వలస గుడి. ఇది కాకతాళీయమే, దానికి వేదాంతం అంటించక్కర్లేదు. కానీ చందాలు వసూలు చేసి, శనాదివారాలు పనిచేసి, పరాయిగడ్డ మీద గుడి కట్టుకోవడం ఏమిటో బాటినోకి చెప్తే అర్థమయ్యేది.

ఇవాళ సెయింట్ పాల్‌లో గుట్ట మీద 306 అడుగుల ఎత్తున కేథడ్రల్ ఉంది, 1915లో మొదటి పూజ జరిగింది. పచ్చటి రాగి గుమ్మటం, డౌన్‌టౌన్‌లో ఎటు నుంచి చూసినా కనపడుతుంది. బ్రెజిల్‌లో ఇదే సాధువు పేరున్న సావో పాలో కూడా 1554 జనవరి 25న జెస్యూట్‌లు వేసిన ఒక మట్టిపాక నుంచే మొదలయింది, ఇవాళ కోటిమంది దాటిన మహానగరం. అక్కడా అంతే, పేరు పాక ఇచ్చింది, ఫొటోలు గోపురాలకి.

పేరు గొప్ప ఊరు దిబ్బ అని మనకో సామెత. ఇక్కడ ఊరు గొప్పదయింది, పేరిచ్చింది మాత్రం దిబ్బ మీది గుడిసె. దాన్ని చూసి ముచ్చటపడటంలో తప్పులేదు, నేనూ పడతాను. అయితే ఆ ముచ్చటలో పారాంట్‌ని జోకరు చేసి, డకోటాలని అసలు లేనట్టు చేసి వదిలేస్తే, మనం కూడా అంకెలు చదవడం రాక దుంగల్ని పొయ్యిలో పెట్టినట్టే. మీరు సెయింట్ పాల్‌లో ఉంటే ఒకసారి కెల్లాగ్ బులవార్డు మీద, సీడర్ స్ట్రీటుకీ మిన్నెసోటా స్ట్రీటుకీ మధ్య, నది వైపు నిలబడండి. గుడి అక్కడే ఉండేది. కిందకి చూస్తే రేవు, ఎదురుగా తెల్లటి కొండచరియ. మూడు పేర్లూ ఒక్క చూపులో కనపడతాయి: పందికన్ను, సెయింట్ పాల్, ఇమ్నిజా స్కా. ఎండాకాలంలో వెళ్ళండి, అంతే.